తొమోనౌరాకు కారులో వెళ్లకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆదివారం అనుబంధంలో జపాన్ యాత్ర గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. హిరోషిమా, మియాజిమాల గురించి రాసిన భాగం బాగుంది. అయితే ఆ తరువాత వచ్చిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. హిరోషిమా నుంచి ఒసాకా వెళ్లే దారిలో, వీలుంటే ఒక అద్దె కారు తీసుకుని తొమోనౌరా అనే పాత రేవు పట్టణాన్ని రెండు గంటల్లో చూసి వచ్చేయవచ్చని అందులో సలహా ఇచ్చారు. ఆ రెండు గంటలు చాలవనీ, ఆ కారు అసలే వద్దనీ మనవి చేయడానికే ఈ ఉత్తరం. ఈ మాట చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందంటే, సరిగ్గా ఆ పొరపాటే చేసి వచ్చినవాణ్ణి నేను. మరుసటి ఏడాది దాన్ని దిద్దుకోవడానికి మళ్లీ వెళ్లాను కూడా.

తొమోనౌరా, జపాన్‌లో మన రాష్ట్రంలాంటి పాలనా విభాగమైన హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని ఫుకుయామా నగరానికి దక్షిణంగా, సెతో అంతర్గత సముద్రపు ఒడ్డున ఉంది. హోన్షూ, షికోకు, క్యూషూ దీవుల నడుమ ఇరుక్కున్న ఈ సముద్రానికి తూర్పున కీయి జలసంధి, పడమట బుంగో జలసంధి ప్రధాన ద్వారాలు. పోటు వచ్చినప్పుడు మహాసముద్రపు నీరు ఈ రెండు వైపుల నుంచీ లోపలికి ప్రవహించి, ఇంచుమించు తొమోనౌరా ఎదుటనే కలుసుకుంటుంది. పాటు, అంటే నీరు వెనక్కి తీయడం, మొదలైనప్పుడు అక్కడి నుంచే రెండుగా చీలి, తూర్పుకూ పడమరకూ తిరిగి వెళ్లిపోతుంది. తెరచాపతోనూ తెడ్లతోనూ సాగే ఓడలకు దీనికి మించిన సదుపాయం ఉంటుందా? పడమటి నుంచి వచ్చే ఓడ పోటుతోపాటు తొమోనౌరా దాకా వచ్చి, లంగరు వేసి, నీరు తిరిగే దాకా ఆగి, ఆ తరువాత పాటుతోపాటు తూర్పుకు సాగిపోయేది. తూర్పు నుంచి వచ్చేదీ అంతే. ఇలా ఆగడాన్ని జపానీయులు షియోమాచి అంటారు. పోటు కోసం ఎదురుచూడడం అని దాని అర్థం. ఆ ఎదురుచూపు మీదే ఈ ఊరు పుట్టింది. 730లో క్యూషూ నుంచి రాజధానికి తిరిగి వెళుతున్న ఒతోమో నో తబితో అనే అధికారి ఇక్కడి ఒడ్డున ఉన్న చెట్టును చూసి, వెళ్లేటప్పుడు భార్యతో కలిసి చూసిన ఆ చెట్టు అలాగే ఉందనీ, చూసిన ఆమె మాత్రం లేదనీ దుఃఖిస్తూ పద్యాలు చెప్పాడు. పన్నెండు వందల ఏళ్లకు పైగా ఇది ఓడలూ మనుషులూ ఆగిన చోటు అని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఆరు గంటల వ్యవధి ఉంటుంది. అమావాస్య, పున్నముల సమయంలో నీటిమట్టంలో తేడా నాలుగు మీటర్ల దాకా వస్తుంది. రెండు గంటలు చాలవని నేను అనడానికి కారణం ఇదే. షోగున్లనే సైనిక పాలకులు జపాన్ను ఏలిన ఎదో కాలపు (1603–1868) రేవుకు ఉండవలసిన ఐదు కట్టడాలూ ఒకే చోట మిగిలిన రేవు జపాన్‌లో ఇదొక్కటే అంటారు. 1859లో కట్టిన జోయాతో అనే రాతి దీపస్తంభం, నీటిలోకి దిగే గంగి అనే రాతి మెట్లు, రాతితో పేర్చిన అలల అడ్డుగోడ, ఓడల రాకపోకలను కనిపెట్టే కావలి ఇల్లు, తదేబా అనే ఓడల మరమ్మతు స్థలం అవి. వీటిలో అందరూ ఫోటో తీసుకునేది జోయాతోనే. నన్ను కట్టిపడేసింది మాత్రం మెట్లు. నీటిమట్టం ఎంత ఉన్నా పడవను ఆనించి సరుకు దింపుకోవడానికి వీలుగా, రేవు వంపు వెంబడి వాటిని కట్టారు. పోటు వేళ చూస్తే నాలుగైదు మెట్లు మాత్రమే కనిపించి, వీటిలో ఏముంది అనిపిస్తుంది. మొదటిసారి నాకు కలిగిన అభిప్రాయం అదే, కారు ఎక్కి వెళ్లిపోయింది కూడా ఆ అభిప్రాయంతోనే. రెండోసారి సాయంత్రం అక్కడే కూర్చున్నాను. ఒక్కొక్క మెట్టే నాచుతో, అంటుకున్న గుల్లలతో బయటపడుతుండగా, మధ్యాహ్నం కంటికి ఎదురుగా ఉన్న పడవలు చీకటి పడేసరికి కాళ్ల కిందికి దిగిపోయాయి. తదేబా సంగతీ అంతే. నీరు తీసినప్పుడు ఓడలను అక్కడ ఒడ్డుకు చేర్చి, చెక్కను తొలిచే పురుగు చావడానికి అడుగుభాగాన్ని మంటతో కాల్చేవారు. ఆ స్థలంలో పరిచిన రాళ్లు పాటు వేళనే కనిపిస్తాయి.

రాత్రి అక్కడ బస చేసినవారికి తెల్లవారుజామున మరొకటి దక్కుతుంది. ఫుకుజెంజి ఆలయానికి చేర్చి 17వ శతాబ్దం చివర కట్టిన తైచోరో అనే అతిథి మందిరం ఉంది. కొరియా నుంచి షోగున్ దర్బారుకు వచ్చే రాయబారులకు అందులో విడిది ఇచ్చేవారు. 1711లో వచ్చిన బృందంలోని యీ బాంగ్ ఇయోన్ అనే అధికారి, కొరియాకు తూర్పున ఇంతటి దృశ్యం మరొకటి లేదన్న అర్థంలో చైనా లిపిలో రాసిన అక్షరాల ఫలకం ఇప్పటికీ అక్కడ ఉంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి చాప మీద కూర్చుంటే, ముందున్న స్తంభాలే చట్రంగా, బెంతెన్‌జిమా అనే చిన్న దీవి, దాని వెనుక సెన్సుయిజిమా అనే పెద్ద దీవి, పటం కట్టినట్టు కనిపిస్తాయి. నిలబడి చూస్తే ఆ పటం కుదరదు. కూర్చునే చూడాలి. ఆ చిన్న దీవికి పేరిచ్చిన బెంతెన్ దేవత మరెవరో కాదు, బౌద్ధంతోపాటు చైనా మీదుగా జపాన్ చేరిన సరస్వతే. మీ వ్యాసంలో దీవి ఫోటో వేశారు గాని, ఈ సంగతి చెప్పలేదు.

ఇక కారు విషయం. 1891లో ఫుకుయామాకు రైలు వచ్చింది. దారి ఈ రేవును తాకకుండా లోపలి నుంచి పోయింది. ఆవిరి ఓడలకు పోటుతో పని లేకుండా పోయింది. వ్యాపారం తరలిపోవడంతో కొత్త కట్టడాలకు డబ్బు లేక, ఎదో కాలపు వీధులు అలాగే నిలిచిపోయాయి. మనం ముచ్చటపడే ఆ ఇరుకు వీధుల వెనుక ఉన్నది ఒక ఊరి నష్టం. అలాంటి వీధిలోకి నేను కారు తోలాను. ఎదురుగా కూరగాయల వ్యాను వచ్చింది. రెండింటిలో ఏదో ఒకటి వెనక్కి వెళ్లక తప్పదు. ఒక వృద్ధురాలు ఇంట్లోంచి బయటికి వచ్చి చేతులతో సైగలు చేస్తూ నా చేత సుమారు ఇరవై మీటర్లు రివర్స్ తీయించింది. ఆమె ముఖంలో విసుగు లేదు. కాని ఆ సైగల్లోని అలవాటు చూస్తే, ఆ పని ఆమెకు కొత్త కాదని తెలిసిపోయింది.

ఈ ఇరుకు వల్లనే ఆ ఊరు దాదాపు మూడు దశాబ్దాలు రెండుగా చీలింది. రేవులో సుమారు రెండు హెక్టార్లు పూడ్చి, రేవుకు అడ్డంగా 180 మీటర్ల వంతెన కట్టి వాహనాలను అటు మళ్లించాలన్న ప్రణాళికకు 1983లో బీజం పడింది. వంతెన కావాలన్నవారిని అభివృద్ధి పేరుతో అందాన్ని చెరిపేవారని చిత్రించడం సులువే గాని, అది న్యాయం కాదు. వృద్ధులు ఎక్కువగా ఉన్న ఊరిలో అంబులెన్సు, అగ్నిమాపక వాహనం సందుల్లో చిక్కుకోకుండా రావాలని కోరుకోవడం తప్పెలా అవుతుంది? మరోవైపు 2007లో నూట యాభైమందికి పైగా స్థానికులు కోర్టుకు వెళ్లారు. 2009 అక్టోబరు 1న హిరోషిమా జిల్లా న్యాయస్థానం, ఈ రేవు దృశ్యం జాతి సంపద అనదగిన ప్రజాప్రయోజనమని చెప్పి, పూడ్చడానికి అనుమతి ఇవ్వరాదని ప్రిఫెక్చర్ గవర్నరును నిరోధించింది. పని మొదలు కాకముందే, దృశ్య పరిరక్షణ కోసం, ఒక ప్రజాపనిని కోర్టు ఆపడం జపాన్ అంతటా చర్చనీయాంశమైంది. ప్రిఫెక్చర్ అప్పీలుకు వెళ్లినా, 2012లో గవర్నరు వంతెన ఆలోచన విరమించి, కొండ వైపు సొరంగం తవ్వే ప్రత్యామ్నాయాన్ని ప్రకటించారు. 2016లో దరఖాస్తును ఉపసంహరించుకోవడంతో వ్యాజ్యం ముగిసింది. 2017లో పాత ఇళ్ల ప్రాంతానికి జాతీయ స్థాయి సంరక్షణ హోదా వచ్చింది.

జోయాతో పక్కన నిలబడి మనం తీసే ఫోటోలో వంతెన లేదంటే, దాని వెనుక ఇంత కథ ఉంది. వంతెన వద్దన్నవారూ కావాలన్నవారూ ఇప్పటికీ అవే సందుల్లో నడుస్తున్నారు. వంతెన లేని ఆ అందాన్ని చూడడానికి వచ్చిన యాత్రికుడే, వంతెన ఎందుకు కావాలన్నారో ఆ ఇబ్బందిని తన కారుతో మరికాస్త పెంచడం నాకు సిగ్గుగా తోచింది. నాలుగు వాక్యాల్లోనైనా ఈ సంగతి వ్యాసంలో ఉండి ఉంటే, చదివినవారు కారు ఆలోచన తామే మానుకునేవారు.

కారు లేకుండా వెళ్లడం కష్టమేమీ కాదు. హిరోషిమా నుంచి బుల్లెట్ రైలు షింకాన్సెన్‌లో ఫుకుయామా సుమారు 25 నిమిషాలు, ఆ స్టేషను ముందు నుంచి తొమోనౌరాకు బస్సులో అరగంట. బస్సు దిగాక ఊరంతా నడకే. ఐదు నిమిషాల పడవ ప్రయాణంతో సెన్సుయిజిమాకూ వెళ్లి రావచ్చు. 1867లో సకమోతో ర్యోమా అనే ప్రసిద్ధ సమురాయ్ ప్రయాణిస్తున్న ఇరోహా మారు అనే ఆవిరి ఓడ, కిషూ సంస్థానపు ఓడతో ఢీకొని ఈ ప్రాంతంలోనే మునిగింది. నష్టపరిహారం కోసం ఆయన ఈ ఊళ్లోనే బస చేసి వాదులాడాడు. ఆసక్తి ఉన్నవారికి దానికో ప్రదర్శనశాల ఉంది. హోమేషు అనే ఔషధ మద్యం 1659 నుంచి ఇక్కడ తయారవుతోంది. పదహారు మూలికలు వేస్తారు. దాల్చినచెక్క, లవంగాల వాసన ముందే తగులుతుంది, రుచి మాత్రం పానకమంత తీపి. దాన్ని తయారుచేసిన నాకమురా కుటుంబపు పాత ఇల్లు, ఇప్పుడు ఓతా గృహం అని పిలిచేది, జోయాతోకు దగ్గరలోనే ఉంది. తీపి ఇష్టం లేనివారు కూడా ఆ ఇంటి గోదాములు చూడటం మానుకోవద్దు.

పోటు, పాటు వేళల పట్టిక ముందుగా చూసుకుని, పగటి వెలుగులో రెండూ వచ్చే రోజున వెళితే మరీ మంచిది. మీ అనుబంధంలో ఆ వ్యాసం మళ్లీ ఎప్పుడైనా అచ్చయ్యే పక్షంలో, ఆ ఒక్క వాక్యంలో ‘అద్దె కారు’ తీసి ‘బస్సు’ అనీ, ‘రెండు గంటలు’ తీసి ‘ఒక రాత్రి’ అనీ మార్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు