సాంచెలు ఆపి విన్న కథ

పద్మానగర్, భీవండి, మహారాష్ట్ర
ఆదివారం మధ్యాహ్నం

ఒరే బాబిన్,

నీ ఉత్తరం వచ్చి ఎన్ని రోజులైందో, జవాబు రాయలేదని అలిగి కూర్చుని ఉంటావు. అలుగు, కానీ చివరిదాకా చదివి అలుగు. ముందు మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గింది. చెల్లె కాన్పుకు వచ్చింది, ఇక్కడే ఉంది. నూలు ధర పెరిగింది, గుడ్డ ధర పెరగలేదు, సేటు మొహం ఎట్లుంటుందో నీకు తెలుసు. గొడుగు సార్ రిటైరయ్యాడు. సన్మానానికి కూడా గొడుగు తెచ్చుకున్నాడు, అది చూసి నువ్వే గుర్తొచ్చావు. అంతే, అయిపోయాయి.

ఇక అసలు సంగతి. ఒగ్గుకథ, అదే డోళ్ల మీద మల్లన్న కథ, చెప్పించాం రా! ఇక్కడే, మన వాడలోనే! ఇది ఫోన్‌లో చెప్తే నువ్వు మధ్యలో "సరే సరే" అంటావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. మొన్న నువ్వు ఏమన్నావో గుర్తుందా? "యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి కదా, జనగామ నుంచి మనుషుల్ని రప్పించడం ఎందుకు, ఆ డబ్బులు చెల్లె కాన్పుకు దాచుకోరాదూ" అన్నావు. అప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పుడు తోచింది.

మొక్కు అవ్వది. చెల్లెకు మంచిగా అయితే మల్లన్నకు పట్నం, అదే రంగు పొడుల ముగ్గు, వేయిస్తానని మొక్కుకుంది. కొమురవెల్లి పోదామంటే తన మోకాళ్లు, చెల్లె పరిస్థితి. పైగా సంక్రాంతి నుంచి ఉగాది దాకా అక్కడ ఎంత రద్దీ! హైదరాబాద్ వాళ్లకు పట్నం వారం, సికింద్రాబాద్ వాళ్లకు లష్కర్ వారం అని ఆదివారాలే పంచుకున్నారంటే చూడు. ఆ రోజుల్లో ఒగ్గు పూజారులు కొమురవెల్లి వదిలి కదలరు. ఉగాది దాటాక అయితే వస్తామన్నారు. మన యాదవుల ఇళ్ల వాళ్లు చందాలు వేస్తామన్నారు, శాలోళ్ల ఇళ్లూ కలిశాయి, మొక్కు మాది, కథ అందరిదీ అయింది.

వాళ్లు వచ్చిన తీరు చెప్పాలి నీకు. ఊరి నుంచి ఆటోలో జనగామ, అక్కడి నుంచి సికింద్రాబాద్, అక్కడ దేవగిరి ఎక్కి తెల్లవారుజామున కళ్యాణ్‌లో దిగారు. బాపు నేను పోయాం తీసుకురావడానికి. జనరల్ డబ్బాలోంచి ముందు డోలు దిగింది, తర్వాత ఇంకో డోలు, తర్వాత మనుషులు. ప్రధాన కథకుడు బాపు వయసు మనిషి. రాత్రంతా డోళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట, ఎవరి కాలైనా తగులుతుందని. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ దిగుతూనే "ఇక్కడ మల్లన్నను మొక్కేటోళ్లు ఎంతమంది ఉంటారు తమ్మీ?" అని అడిగాడు. చాయ్ తాగారా అని మనం అడిగేలోపే!

ఆయన మాణిక్యాపురం చుక్క సత్తయ్య కథ వినడానికి చిన్నప్పుడు రాత్రిపూట ఊళ్లు దాటి నడిచి పోయేవాడట. సత్తయ్య 2017లో పోయాడు కదా, ఆ మాట చెప్తున్నప్పుడు ఆటోలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. మీ వేములవాడ పక్కన హనుమాజీపేట మిద్దె రాములు సంగతి కూడా చెప్పాడు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలకు మారిషస్ పోయి ఒగ్గుకథ చెప్పాడు. "సముద్రం దాటి పోయిండు ఆయన, మేం రైలెక్కి రాలేమా?" అన్నాడు. సిరిసిల్లలో ఉండి నువ్వు ఎప్పుడైనా హనుమాజీపేట పోయావా? పోకపోతే ఈసారి పో.

పొద్దున పట్నం వేశారు. అది చూడాలి రా నువ్వు. బియ్యప్పిండి తెలుపు, పసుపు, కుంకుమ, ఆకుల పొడి పచ్చ, కాల్చిన ఊక నలుపు. గీత చెదరకుండా వేళ్ల సందుల్లోంచి పొడి వదులుతారు. చెల్లె కుర్చీలో కూర్చుని అంతా చూసింది. అవ్వ నెత్తిన బోనం. బండారి పసుపు అందరి నుదుట. చిన్నపిల్లలు పసుపు చేతులతో పరుగెత్తి మా తలుపంతా పసుపు చేశారు, ఇంకా కడగలేదు.

సాయంత్రానికి జనం చూసి నాకే టెన్షన్ పట్టుకుంది. మన వాడ వాళ్లు వస్తారనుకున్నాం. కామత్‌ఘర్ వాళ్లు వచ్చారు. వర్లీ చాళ్ల నుంచి లోకల్ ట్రైన్లు మారి వచ్చారు, తాతల కాలంలో మిల్లుల పనికి వచ్చిన కుటుంబాలు. పుణె నుంచి మేస్త్రీ పనివాళ్లు వచ్చారు, షోలాపూర్ నుంచి ఒక జంట. వీళ్లందరికీ ఎవరు చెప్పారో తెలియదు. ఒక ముసలమ్మ మనవణ్ణి పట్టుకుని సూరత్ నుంచి వచ్చింది! లింబాయత్‌లో ఉంటారట. మనవడికి తెలుగు సరిగా రాదు, హిందీలో గొణుగుతున్నాడు. ఆమె మాత్రం సంచి దించకుండానే "కథ మొదలైందా?" అని అడిగింది.

కథ మొదలైంది. తొమ్మిది దాటేసరికి రక్తి కట్టింది. పది కొడుతుండగా పోలీస్ స్టేషన్ నుంచి ఇద్దరు వచ్చి మైకు ఆపమన్నారు. రూలు కదా, పది తర్వాత మైకు కుదరదు. మర్యాదగానే చెప్పారు పాపం. మైకు లేకుండా కూడా వీధిలో డోలు కొడితే ఊరుకోరని తెలుస్తూనే ఉంది. అప్పటికి మల్లన్న ఇంకా ఇల్లు కదల్లేదు! జనం లేవట్లేదు. పుణె వాళ్లు మా మొహం చూస్తున్నారు. కథకుడు ఒగ్గు, ఆ చిన్న డమరుకం, చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

అప్పుడు బాపు లేచాడు. నీకు తెలుసు కదా, బాపుకు చెవులు సరిగా వినబడవు, అన్నేళ్లు సాంచెల మధ్య, ఆ మరమగ్గాల మోతలో నిలబడితే ఎవరికి వినబడతాయి? పోలీసులు ఏమన్నారో కూడా ఆయనకు నేనే చెవిలో అరిచి చెప్పాను. విని నేరుగా కార్ఖానాకు పోయాడు. సేటును నిద్ర లేపి ఏం మాట్లాడాడో నాకు ఇప్పటికీ చెప్పలేదు. వెనక్కి వచ్చి "రండి, లోపల కూసుందాం" అన్నాడు. నైట్ పాలీ వాళ్లు, రాత్రి షిఫ్టు వాళ్లు, సాంచెలు ఆపేశారు రా. మీటర్ల లెక్కన కూలీ తీసుకునేవాళ్లు, ఆ రాత్రి మీటరు లేదు, రూపాయి లేదు. ఒక్కడు కూడా సణగలేదు. అందులో ఇద్దరు బీహారీ పిల్లలు, వాళ్లకు తెలుగు ముక్క రాదు, వాళ్లూ ఆపి ఒక మూల కూర్చున్నారు.

ఆ కార్ఖానా నడవకుండా ఉండగా నువ్వు ఎప్పుడైనా చూశావా? నేను పండుగ సెలవుల్లో తప్ప చూడలేదు. సాంచెకు సాంచెకు మధ్య ఉన్న ఆ సందుల్లో జనం, నూలు చుట్టిన భీముల మీద పిల్లలు, కండెల పెట్టెల మీద ముసలివాళ్లు. షట్టర్ దించేశారు. లోపల ఉక్క. కథకుడు మధ్యలో సన్నని దారిలో నిలబడ్డాడు, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు, అంతకంటే చోటు లేదు. మైకు లేకపోయేసరికి ఆయన గొంతే మారిపోయింది. మైకులో పాడినప్పుడు అందరికీ చెప్పినట్టు ఉండింది. ఇక్కడ ఒక్కొక్కరి మొహం చూసి చెప్తున్నాడు. గజ్జెల చప్పుడు గచ్చు మీద ఎంత స్పష్టంగా వినిపించిందో! భుజం మీది కండువా కొంగులా నెత్తిన వేసుకున్నాడో లేదో మల్లన్న భార్య మేడలమ్మ అయిపోయాడు. తీసేస్తే మళ్లీ మల్లన్న. మేడలమ్మ అడుగుతుంది, ఎక్కడికి పోతున్నావని. మల్లన్న మాట దాటేస్తాడు. పక్కన వంత పాడేవాడు మేడలమ్మ తరఫున దబాయిస్తాడు. ఆడవాళ్లందరూ మేడలమ్మ పక్షమే! అవ్వ అయితే "అడుగు, ఇంకా అడుగు" అని పైకే అంటోంది.

ఇదిరా నేను నీకు చెప్పాలనుకున్నది. నీ యూట్యూబ్‌లో మేడలమ్మ అడుగుతుంది, మల్లన్న జవాబు చెప్పేస్తాడు. ఇక్కడ మల్లన్న జవాబు చెప్పకుండా ఆగాడు. అవ్వ "ఇంకా అడుగు" అన్న తర్వాతే కథ కదిలింది. ఆ పక్కవాడు "ఆఁ" అనకపోతే, మనం "ఊఁ" కొట్టకపోతే ఆయన తర్వాతి మాట అనడు. కథ ఆయన నోట్లో సగమే ఉంది, మిగతా సగం వినేవాళ్ల దగ్గర ఉంది. అందుకే ఆయన డోళ్లు ఒళ్లో పెట్టుకుని వచ్చాడు, అందుకే ఆ ముసలమ్మ సూరత్ నుంచి వచ్చింది. ఫోన్‌లో విని విని ఆమెకు కంఠతా వచ్చేసింది, మనవడే చెప్పాడు. నోటికి వచ్చిన కథ వినడానికే వచ్చింది ఆమె!

ఇంకొకటి. డోలు మొదలెట్టగానే బాపు తన సాంచె దగ్గరకు పోయి దాని ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు. తర్వాత నా చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టాడు. బాబిన్, ఆ ఇనుములో డోలు పలుకుతోంది రా! ప్రతి దెబ్బ తెలుస్తోంది, పెద్ద దెబ్బ, చిన్న దెబ్బ, విడివిడిగా. అది చూసి ఇంకో ఇద్దరు ముసలివాళ్లు కూడా లేచి వచ్చి సాంచెల మీద చేతులు పెట్టారు. అందరూ బాపు లాంటి వాళ్లే, చెవులు పోయినవాళ్లు. కథకుడు అది గమనించాడు. డోలు వాళ్లకు సైగ చేశాడు, వాళ్లు వచ్చి సరిగ్గా ఆ సాంచెల పక్కన నిలబడి కొట్టారు. నాకు ఏడుపు ఆగలేదు, చెప్తున్నాను కదా నీకు. మన బాపులకు ఆ ఇనుము నుంచి ఇన్నాళ్లూ వచ్చింది డకడక ఒక్కటే.

సరే. ఎక్కడున్నాను... ఆఁ, ముసలమ్మ.

తెల్లవారింది. మల్లన్న రెండో భార్య కాబోయే గొల్ల కేతమ్మ కోసం బయల్దేరాడు, అంతవరకే వచ్చింది కథ. పగటి పాలీ వాళ్లు షట్టర్ బయట నిలబడ్డారు, ఇక ఆపక తప్పదు. వీళ్లకేమో ఆ రోజే తిరుగు రైలు. అప్పుడు ఆ సూరత్ అమ్మ లేచి సంచిలోంచి కుంకుమ భరిణె, వక్కలు, తమలపాకులు తీసింది. ఆమె ఇంటి నుంచే తయారై వచ్చింది రా! కథకుడికి బొట్టు పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి "కేతమ్మను మా ఇంటికాడ తీసుకురావాలె" అంది. ఆయన తన వాళ్ల వైపు చూశాడు. డోలు కొట్టే పిల్లాడికి ఊళ్లో ఏదో పని ఉన్నట్టుంది, ఫోన్ పట్టుకుని పక్కకు పోయాడు, తిరిగి వచ్చి తల ఊపాడు. తాంబూలం ఇచ్చాక కాదనడం వాళ్లకు రాదు.

మరి సగం కథ విన్న మేము ఇంట్లో ఎట్లా కూర్చుంటాం చెప్పు? బాపు అడగను కూడా అడగలేదు, చెప్పులు వేసుకున్నాడు. షోలాపూర్ జంట కూడా వచ్చింది, వాళ్ల దారి పూర్తిగా ఇటు, అయినా అటు వచ్చారు! భీవండి రోడ్ నుంచి వసాయి, అక్కడ రైలు మారి సూరత్. దారిలో ఎవరూ నిద్రపోలేదు. కిటికీ పక్కన ఒక గుజరాతీ ఆయన డోలు ఏమిటని అడిగితే మా వంత పాడేవాడు హిందీలో మల్లన్న కథంతా మొదలుపెట్టాడు. వాపి వచ్చేసరికి ఆ డబ్బాలో సగంమంది మేడలమ్మ పక్షం.

లింబాయత్‌లో ఇరుకు సందు, రెండు వైపులా ఇళ్లు, మేడల మీద నుంచి జనం. అక్కడ పిల్లలకు తెలుగు అర్థం కాదని వంత పాడేవాడే ఉపాయం పట్టాడు. కథకుడు తెలుగులో ఒక మాట అనగానే ఇతను ఆశ్చర్యపోతూ హిందీలో అదే మాట తిరిగి అడుగుతాడు, "క్యా? మల్లన్న ఐసా బోలా?" అని. పిల్లలు పగలబడి నవ్వారు. అర్ధరాత్రి దాకా గొణుగుతూ ఉన్న ఆ మనవడు ముందు వరసకు జరిగాడు. కేతమ్మ వచ్చే ఘట్టంలో ఆ ముసలమ్మ లేచి నిలబడి తానే రెండు చరణాలు అందుకుంది. కథకుడు ఆపి చేతులు జోడించాడు, ఆ వరస తమ వైపు ఎవరూ ఇప్పుడు పాడట్లేదట, మళ్లీ అనిపించుకున్నాడు, మళ్లీ, డోలు పిల్లాడు నేర్చుకునేదాకా. ఆమె పెళ్లై వచ్చినప్పుడు తెచ్చుకున్న వరస అది. జనగామ నుంచి వచ్చిన వాళ్లు సూరత్‌లో నేర్చుకుని పోయారు!

ఇప్పుడు నీకు ఒక పని. పుణె వాళ్లు వచ్చే ఏడు మా దగ్గర అంటున్నారు, వర్లీ వాళ్లు కాదు మా దగ్గర అంటున్నారు. నువ్వు జనగామ పోయి ఆయనతో మాట్లాడి ఉగాది తర్వాత తేదీలు పట్టుకో. ఆయన ఊరు, ఫోన్ నంబరు వేరే చీటీ మీద రాసి ఈ ఉత్తరంలోనే పెడుతున్నాను. పోయినప్పుడు డోలు పిల్లాణ్ణి ఆ చరణాలు పాడమను, మరిచిపోయాడేమో చూడు. ఖర్చుల సంగతి, చందాల లెక్క, నువ్వు పంపుతానన్న డబ్బు... అది తర్వాత. కేతమ్మ, మేడలమ్మ ఎదురుపడ్డప్పుడు ఏమైందో కూడా రాయాలి, అదే అసలైన ఘట్టం, ఆ ముసలమ్మ అప్పుడు ఏమందంటే

బాపు కింద నుంచి పిలుస్తున్నాడు, పాలీ టైమ్ అయిపోయింది. రేపు మిగతాది.

నీ
కండె