మన పెంపుడు ఎలుకల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు సంఘం ఏం చేసిందో కార్యవర్గం తరఫున రాస్తున్నాను. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం, చందా పెంచడం లేదు, డబ్బు సంగతులు సర్వసభ్య సమావేశంలో మాట్లాడుకుందాం. ఇక్కడ మాత్రం ఎలుకల గురించే.

ఈ ఏడాది మాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఊపిరి గురించే. తుమ్ముతోంది అని ఒకరు, ఒళ్లో పెట్టుకుంటే లోపల టిక్ టిక్ అని చప్పుడు వినిపిస్తోంది అని ఇంకొకరు, ముక్కు దగ్గర రక్తం వస్తోంది అని అర్ధరాత్రి ఏడుస్తూ చేసినవాళ్లు కూడా ఉన్నారు. ముందు ఆ రక్తం టెన్షన్ తీసేస్తాను. చాలాసార్లు అది రక్తం కాదు, కంటి వెనక ఉండే గ్రంథి నుంచి ఊరే పార్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం. నిద్ర లేచినప్పుడు కాస్త కనిపించి, అది మూతి తుడుచుకోగానే పోతే కంగారు పడక్కర్లేదు. రోజంతా అలాగే అంటుకుని ఉంటే మాత్రం దానికి ఒంట్లో బాగాలేదు, లేదా ఏదో భయంలో ఉంది. అసలు విషయం ఏమిటంటే మనం పెంచే ఎలుకల్లో దాదాపు అన్నిటికీ మైకోప్లాస్మా పల్మోనిస్ అనే బ్యాక్టీరియా పసితనంలోనే తల్లి నుంచి వచ్చేస్తుంది. మనకు అంటదు, పూర్తిగా పోగొట్టే మందూ లేదు, ఇంట్లో గాలి బాగున్నంతకాలం అణిగి ఉంటుంది, గాలి పాడైతే తిరగబడుతుంది. కాబట్టి సగం వైద్యం మన చేతిలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ఈసారి సభ్యులు పిలిచిన ఇళ్లకు వెళ్లి కేజ్ ఎక్కడ పెట్టారో చూసే పని మొదలుపెట్టాం. హైదరాబాద్‌లో ఒక ఇంట్లో రెండు ఆడ ఎలుకలు, కేజ్ శుభ్రంగా అద్దంలా ఉంది, తిండి బాగుంది, అయినా రెండూ తుమ్ముతూనే ఉన్నాయి. కేజ్ సరిగ్గా దేవుడి గూటి కింద ఉంది. వినాయకుడి వాహనం కదా అని బామ్మగారే ప్రేమగా అక్కడ పెట్టించారట. పొద్దున రెండు అగరుబత్తీలు, శుక్రవారం సాంబ్రాణి, సాయంత్రం అదే గదిలో దోమల కాయిల్. విషయం చెప్పగానే ఆవిడ ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా "అయితే దేవుడికి పూలు చాలమ్మా" అని కేజ్‌ను తన మంచం పక్కకు మార్పించారు. మనుషులకే ఘాటెక్కి దగ్గొచ్చే మిరపకాయల తాలింపు, రూమ్ ఫ్రెషనర్, కొత్త పెయింట్ ఇవన్నీ కూడా ఇదే లెక్క. వంటింటికి ఆనుకుని కేజ్ పెట్టవద్దు.

ఇక కేజ్ లోపలి గాలి. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఊపిరితిత్తుల్ని కాల్చినంత పని చేస్తుంది, పైగా రోజూ అదే గదిలో ఉండే మన ముక్కుకు అది తెలియదు. బయటి నుంచి ఇంట్లోకి రాగానే కేజ్ మూలకు ముఖం ఆనించి వాసన చూడండి, ఘాటు తగిలితే ఆలస్యమైనట్టే. కేజ్ అడుగున వేసే పరుపులో తడిసిన చోట రోజూ తీసేయాలి, మొత్తం వారానికోసారి మార్చాలి, కానీ పాత పరుపులోంచి పొడిగా ఉన్నది ఒక గుప్పెడు ఉంచాలి. అన్నీ ఒకేసారి కడిగేస్తే తమ వాసన పోయిందని కంగారుపడి ఇంకా ఎక్కువ మూత్రంతో గుర్తులు పెట్టుకుంటాయి. కట్టింగ్ మిషన్ దగ్గర ఉచితంగా దొరుకుతుందని రంపపు పొట్టు తెచ్చుకోవద్దు. దుమ్ము ఒక సమస్య, దేవదారు, పైన్ లాంటి కలప నుంచి వచ్చే నూనెల ఆవిరి ఇంకో సమస్య. వరి ఊకలోనూ దుమ్మే. చించిన కాగితం, పాత నూలు చీర ముక్కలు చాలా మేలు. దారాలు మాత్రం వేలాడకుండా చూసుకోండి, కాలికి చుట్టుకుంటాయి.

ఎండాకాలం గురించి. ఎలుకకు మనలా చెమట పట్టదు, వేడిని ఎక్కువగా తోక ద్వారా వదులుకుంటుంది. గది 30 డిగ్రీలు దాటిందంటే దానికి కష్టం మొదలైనట్టు, మరి మనకు మే నెలలో ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. పోయిన మేలో కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఉపయోగపడినవి చాలా మామూలు వస్తువులు. అడ్డంగా పడుకోబెట్టి పైన తడిపిన మట్టి కుండ, చల్లటి బండ ముక్క, గుడ్డ చుట్టిన ఐస్ బాటిల్. కూలర్ గాలి నేరుగా కేజ్ మీదికి కొట్టకూడదు, కిటికీ తెరిచి ఉంచకపోతే గదంతా తేమ పట్టి ఊపిరికి మళ్లీ ఇబ్బందే. విజయవాడ, విశాఖ సభ్యులు దీన్ని మరీ గమనించాలి. ఎలుక చప్పబడి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే ఐస్ నీళ్లలో ముంచవద్దు. మామూలు చల్లటి నీటితో తోక, పాదాలు తడుపుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి బయలుదేరాలి.

పిల్లల విషయం. ఒక దుకాణంలో రెండూ ఆడవే అని ఇచ్చిన జంట నెల తిరక్కుండా పిల్లల్ని పెట్టింది. ఆ కుటుంబానికి విషయం తెలిసేసరికి తల్లి మళ్లీ చూలు కట్టింది కూడా, ఎందుకంటే ఈనిన ఒక్క రోజులోపే ఆడ ఎలుక మళ్లీ జతకు సిద్ధమవుతుంది. గర్భం 21 నుంచి 23 రోజులే. పుట్టిన పిల్లలు కూడా 5 వారాలకే ఆడ, మగ వేరు కావాలి. ఆ పిల్లలన్నిటికీ ఇళ్లు వెతికాం, ఒక్కదాన్ని కూడా ఒంటరిగా ఇవ్వలేదు. ఒక్క ఎలుక చాలు, మేం ముద్దు చేస్తాం అన్నవాళ్లకు మర్యాదగానే వద్దని చెప్పాం. మనం ఎంత ముద్దు చేసినా రాత్రంతా దాని పక్కన పడుకుని దాని మెడ వెనక బొచ్చు దువ్వేది ఇంకో ఎలుకే.

ఆడ ఎలుకలకు రొమ్ము గడ్డలు ఈసారి కూడా చూశాం. ఎలుకలో ఆ కణజాలం మెడ నుంచి తొడల దాకా పరుచుకుని ఉంటుంది కాబట్టి గడ్డ చంక కిందైనా, తొడ పక్కనైనా రావచ్చు. ఎక్కువభాగం క్యాన్సర్ కానివే, కానీ పెరుగుతూ పోతాయి, చిన్నగా ఉన్నప్పుడు తీయిస్తే తేలిక. ఆపరేషన్ ముందు రాత్రంతా పస్తు పెట్టకండి. ఎలుకకు వాంతి రాదు, అంతసేపు కడుపు మాడిస్తే నీరసపడుతుంది, తిండి ఎప్పుడు ఆపాలో డాక్టర్‌నే అడగండి. కుక్కలు, పిల్లులు తప్ప చూడని చోట్లకు వెళ్లి తిప్పలు పడకుండా, ఎలుకల్ని చూసే డాక్టర్ల వివరాలు సభ్యులకు పంపుతున్నాం.

చవితికి ఒక మండపం వాళ్లు తెల్ల ఎలుకల్ని విగ్రహం పాదాల దగ్గర పెడతాం, ఇవ్వండి అని అడిగారు. భక్తితోనే అడిగారు, కాదనడం మాకూ బాధగానే ఉంది. కానీ ఎలుక సుమారు 80 కిలోహెర్ట్జ్ దాకా వినగలదు, మనకు వినిపించని చప్పుళ్లు కూడా దానికి వినిపిస్తాయి. ఆ డీజే బాక్సుల పక్కన దాన్ని కూర్చోబెట్టడం ఎంత హింసో వివరిస్తే అర్థం చేసుకున్నారు. ఇంట్లో బొద్దింకలకు, ఎలుకలకు అని ప్లగ్‌లో పెట్టే, మనకు వినిపించని చప్పుడు చేసే అల్ట్రాసోనిక్ మిషన్లు ఉంటే అవి కూడా తీసేయండి.

ఈ జీవి అంటే ఇరుగుపొరుగుకు ఇంకా అసహ్యం పోలేదు. వాళ్లకు చెప్పడానికి మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. మనం ఏం తినాలో చెప్పే పరిశోధనలో అక్కడి తెల్ల ఎలుకల పాత్ర చాలా పెద్దది. ఆ రుణం మరచిపోకూడదని నా అభిప్రాయం. అలాగని జాగ్రత్తలు దాచకూడదు. బయటి ఎలుకలు, పందికొక్కుల మూత్రం తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు మనకు రావచ్చు కాబట్టి కేజ్, తిండి డబ్బా వాటికి అందకుండా ఉండాలి. ముట్టుకున్నాక చేతులు కడగాలి. కరిచాక జ్వరం వస్తే, ఇంట్లో ఎలుకలున్నాయని డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

వచ్చే ఏడాదికి రెండు పనులు అనుకున్నాం. విశాఖ వైపు కేజ్‌లు చూసి రావడానికి అక్కడి సభ్యులే ఒకరు ముందుకు రావాలి. అందరూ వారానికోసారి వంటింటి కాటా మీద ఎలుకను తూచి నోట్‌బుక్‌లో రాయాలి, ఎందుకంటే జబ్బును చివరిదాకా దాచుకునే జీవి ఇది, బరువు తగ్గడం ఒక్కటే చాలాసార్లు ముందుగా చెబుతుంది. సమావేశానికి ఆ నోట్‌బుక్ తీసుకురండి. ఎలుకల్ని మాత్రం తేవద్దు, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుతుంది. ఇంటికి వెళ్లాక కూడా బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే కేజ్ తలుపు తీయండి.