తూకానికి వేసేముందు ట్రాన్స్‌ఫార్మర్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

అటక మీద మూగబోయి పడున్న పాత స్టీరియో యాంప్లిఫయర్‌ని పాత సామాన్లవాడికి తూకానికి వేసేసేవాళ్లు కొందరు. ముందు సాన్సుయ్ అనో మరాంట్జ్ అనో అక్షరాలు కనబడితే చాలు, సెట్టు విలువకు మించి రిపేరుకు పోసేవాళ్లు మరికొందరు. కంపెనీ పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు. అందులో అన్నిటికన్నా బరువైనది, అచ్చం అలాంటిదే మళ్లీ దొరకనిది పవర్ ట్రాన్స్‌ఫార్మర్. అది బతికుంటే ముందుకెళ్లొచ్చు.

ఏళ్ల తరబడి వాడని సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకండి. వెనకవైపు రాసిన వోల్టేజి చదవండి. అమెరికా నుంచి వచ్చినవి సాధారణంగా 120 వోల్టులవి, జపాన్ వాడకానికి చేసినవి 100 వోల్టులవి. మన 230కి తగిలిస్తే అక్కడితో సరి. గల్ఫ్ నుంచి తెచ్చిన చాలావాటికి వోల్టేజి మార్చే సెలెక్టర్ ఉంటుంది. అయితే సౌదీలో అప్పట్లో చాలాచోట్ల 127 వోల్టుల కరెంటే ఉండేది కాబట్టి సెలెక్టర్ ఆ వైపే ఉండిపోయిందేమో చూసుకోవాలి.

తర్వాత సిరీస్ బోర్డు, అంటే సెట్టుకు వెళ్లే కరెంటు ఒక బల్బు గుండా పోయేలా చేసిన బోర్డు. 60 లేదా 100 వాట్ల పాతకాలం ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి (ఎల్ఈడీ పనికిరాదు), స్పీకర్లు తీసేసి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. వెలుగు తగ్గకపోతే లోపల షార్ట్ ఉంది. ప్లగ్గు పీకి, ఫిల్టర్ కండెన్సర్లను (ప్లగ్గు పీకాక కూడా కరెంటు నిలవుండే పెద్ద డబ్బాలు) 1 కిలో ఓం, 5 వాట్ల రెసిస్టర్‌తో నిమిషం పాటు డిశ్చార్జి చేయండి. స్క్రూడ్రైవర్ ఆనించి నిప్పురవ్వలు రప్పించే అలవాటు మానుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోర్డుకు వెళ్లే సెకండరీ తీగలు విప్పి, కొసలకు విడివిడిగా టేపు చుట్టి, మళ్లీ బల్బు చూడండి. అప్పుడూ ప్రకాశంగానే ఉంటే వైండింగ్ పోయినట్టే. మెయిన్స్ వైపు చుట్ట (ప్రైమరీ) మీటరులో ఓపెన్, అంటే తెగినట్టు చూపిస్తే మాత్రం తొందరపడొద్దు. కొన్నిటిలో చుట్ల పైన కాగితం కింద థర్మల్ ఫ్యూజు ఉంటుంది, పోయింది అదొక్కటే కావచ్చు. దాన్ని తీగముక్కతో కలిపేయకుండా అదే రేటింగుది వేయాలి. రీవైండింగ్ చేసేవాళ్లు లేకపోలేదు కానీ, చుట్ల లెక్క, తీగ గేజి తప్పితే సెట్టు హమ్ కొడుతుంది, వేడెక్కుతుంది. మామూలు సెట్టుకు ఆ ఖర్చు దండగ.

ట్రాన్స్‌ఫార్మర్ బాగుండి షార్ట్ బోర్డు వైపు ఉంటే స్పీకర్లను నడిపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు చూడాలి. 2ఎన్3055 లాంటివి ఇప్పటికీ దొరుకుతాయి. చాలా రిపేర్లు చెడేది ఇక్కడే: ఔట్‌పుట్ జత మార్చి, దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లను, 0.22 నుంచి 0.47 ఓంల ఎమిటర్ రెసిస్టర్లను చూడకుండా కరెంటు ఇస్తారు. కొత్త జత క్షణంలో కాలిపోతుంది. ట్రాన్సిస్టర్ కింద ఇన్సులేటర్‌గా పెట్టే మైకా వాషర్ మర్చిపోయినా అంతే. బయాస్ ప్రీసెట్‌ను (ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో సౌండు లేనప్పుడు పారే కరెంటును సర్దేది) తక్కువ కరెంటు వైపు తిప్పి, సిరీస్ బల్బు మీదే మొదలుపెట్టాలి. స్పీకర్లు తగిలించే ముందు టెర్మినళ్ల దగ్గర డీసీ కొలిస్తే 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. వోల్టుల్లో ఉంటే స్పీకర్ కాయిల్ మాడిపోతుంది.

లోపల నల్లటి ఎస్‌టీకే మాడ్యూల్ (ఔట్‌పుట్ సర్క్యూట్ అంతా ఒకే ముక్కలో ఉండేది) ఉంటే నేనైతే వెనకాడతాను. శాన్యో వాటి తయారీ ఎప్పుడో ఆపేసింది. బజారులో నకిలీలు ఎక్కువ, పేరు అదే ఉన్నా పూర్తి వోల్టేజికి నిలబడవు. పాత సెట్టు నుంచి విప్పిన అసలుది దొరికితేనే ఆ పని పెట్టుకోండి.

ఇంత దూరం పోనక్కర్లేని జబ్బులూ ఉన్నాయి. ఒక పక్క సౌండు రాకపోతే స్పీకర్లను కలిపే ఆటోమేటిక్ స్విచ్ (రిలే) కాంటాక్టులకు పట్టిన మసి కారణం కావచ్చు. వాల్యూమ్ తిప్పితే గరగరలాడేది కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు పోతుంది. రేడియో, రికార్డు ప్లేయర్ రెండూ పలకకపోతే ముందు టేప్ డెక్ సౌండునే వినిపించే టేప్ మానిటర్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. నవ్వులాట కాదు, అది నొక్కి ఉంటే మంచి సెట్టు కూడా మూగదే.

ఫిల్టర్ కండెన్సర్లు ఉబ్బినా కారినా మార్చాల్సిందే. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజి రేటింగు అంతకు తగ్గకూడదు. కెపాసిటీ రెట్టింపు చేస్తే బాస్ పెరుగుతుందని చెప్పే మెకానిక్ మాట నమ్మకండి, పెరిగేది డయోడ్ల మీద భారం.

అన్నీ చూశాక పనికిరాదనుకున్న సెట్టునైనా చెత్తగుట్టలో పడేయకుండా రిపేరు షాపుకివ్వండి. దాని నాబ్‌లు, ముందు పలక, రిలే ఇంకో సెట్టుకు కావాలి.

ఇట్లు,
ఒక ఆడియో మెకానిక్,
హైదరాబాద్