స్టెబిలైజర్ కొనే ముందు వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో చూడు

ఒరేయ్,

కారు ఛార్జింగ్‌కి పెట్టగానే లైట్లు డల్ అయిపోతున్నాయనీ, మధ్యరాత్రి ఛార్జింగ్ దానంతటదే ఆగిపోతోందనీ రాశావు. పెద్ద స్టెబిలైజర్ కొనేయనా అని అడిగావు కదా, కాస్త ఆగరా. వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో తెలియకుండా కొంటే డబ్బు పోతుంది గానీ జబ్బు పోదు.

ముందు ఓ మల్టీమీటర్ తీసుకుని ఏసీ వోల్టేజీలో పెట్టు. మెయిన్ బోర్డు మూత నువ్వు తీయొద్దు. కారు లైన్ ఏ ఫేజు మీద ఉందో అదే ఫేజులో, వేరే లోడేమీ లేని ప్లగ్ పాయింట్‌లో చూస్తే బోర్డు వోల్టేజీ తెలిసిపోతుంది. కారు దగ్గర వోల్టేజీ కారు తెర మీదో ఛార్జర్ యాప్‌లోనో కనిపిస్తుంది. ఛార్జింగ్ లేనప్పుడు బోర్డు రీడింగు రాసుకో. తర్వాత 16 ఆంప్స్ మీద పెట్టి, ఓ పావుగంట ఆగి రెండు చోట్లా చూడు.

ఉదాహరణకి లోడు లేనప్పుడు 236 వోల్టులు ఉండి, ఛార్జింగ్‌లో బోర్డు దగ్గర 224, కారు దగ్గర 214 వచ్చిందనుకో. మొదటి 12 వోల్టులు సర్వీసు వైర్లోనో, వీధి లైన్లోనో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో పోతున్నాయి. అది కరెంటాఫీసు వాళ్లు చూడాల్సిన పని. తర్వాతి 10 మాత్రం మన ఇంట్లోవే. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు బోర్డు నుంచి 25 మీటర్లు వెళ్తే 16 ఆంప్స్‌కి మూడున్నర వోల్టులే పోవాలి. మిగతా ఆరున్నర ఎక్కడో లూజ్ కనెక్షన్లో కరిగిపోతున్నాయి. ఆరున్నరని 16తో గుణిస్తే 104 వాట్లు! సాకెట్ వెనకాల సోల్డరింగ్ ఐరన్ పెట్టి రాత్రంతా వదిలేసినట్టే. ప్లగ్ పిన్నులు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, సాకెట్ రంగు మారినా, కాలిన వాసన వచ్చినా ఆ పూట ఛార్జింగ్ ఆపెయ్. ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ ఆఫ్ చేయించి సాకెట్, ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్), జంక్షన్ బాక్సు స్క్రూలన్నీ చూపించు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాటే ఎత్తకు.

స్టెబిలైజర్ ఎందుకు వద్దంటున్నానంటే, లోపలికి 190 వోల్టులే వస్తున్నప్పుడు బయటికి 230 దగ్గర 16 ఆంప్స్ ఇవ్వాలంటే అది లైన్ నుంచి 19 ఆంప్స్ పైనే లాగాలి. ఆ లాగుడికి సర్వీసు వైర్లో వోల్టేజీ ఇంకా దిగుతుంది. దానికంటే ఛార్జర్లోనో కారులోనో కరెంటు 10 ఆంప్స్‌కి తగ్గించు. పన్నెండు వోల్టుల పతనం ఏడున్నరకి వస్తుంది. అప్పుడు కూడా గంటకి రెండు యూనిట్లకి పైగానే ఎక్కుతుంది, రాత్రి ఎనిమిది గంటల్లో రోజువారీ తిరుగుడికి సరిపడా ఛార్జ్ వచ్చేస్తుంది.

ఒక్కటి మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోకు. ఇంట్లో మూడు ఫేజులుండి, కారు పెట్టగానే కొన్ని లైట్లు మందగించి, ఇంకొన్ని మామూలు కంటే ఎక్కువ వెలిగితే న్యూట్రల్ వదులైపోయినట్టు. ఒక ఫేజు దిగిన కొద్దీ ఇంకోటి 280 కూడా దాటొచ్చు. వెంటనే మెయిన్ ఆఫ్ చేసి కంప్లయింట్ ఇవ్వు.

ఛార్జర్ 'ఎర్త్ లేదు' అని ఆగిపోతే, సాకెట్లో న్యూట్రల్‌నీ ఎర్త్ పిన్నునీ వైరుతో కలిపేద్దామనేవాళ్లు తగులుతారు. ఒప్పుకోకురా! వెనకాల ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కారు బాడీకే కరెంటొస్తుంది. ఎర్తింగే బాగుచేయించు.

శాశ్వతంగా చేయించేటప్పుడు బోర్డు నుంచి కారుకి విడిగా లైన్ లాగించు. 16 ఆంప్స్‌కి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ. 32 ఆంప్స్‌కి 6 చదరపు మిల్లీమీటర్లు, 40 ఆంప్స్ ఎంసీబీ. దూరం 25 మీటర్లు దాటినా, వైరు పైపు ఎండకి కాలే చోట వెళ్తున్నా 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించు. కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్, అదే ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంప్స్‌ది, టైప్ ఏ రకం కావాలి. ఛార్జర్లో డీసీ లీకేజీ పట్టే ఏర్పాటు లేకపోతే టైప్ బీ తప్పదు, ఎందుకంటే లీకేజీలో డీసీ (బ్యాటరీ తరహా కరెంటు) కలిస్తే మామూలు ఆర్‌సీసీబీ పడకుండా మొండికేయొచ్చు.

మూడు రీడింగులూ, బోర్డు నుంచి కారు దాకా వైరు ఎన్ని మీటర్లో, సైజెంతో రాసి పంపు. అవి చూశాకే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలో, కరెంటాఫీసుకి వెళ్లాలో చెప్తాను.

నీ
మిత్రుడు