సెకనంటే మూరెడు ఫిల్ము

సంపాదకులకు నమస్కారం.

మండపేట, రామచంద్రపురం హాళ్లలో 30 ఏళ్లు సినిమా ఆపరేటరుగా చేసినవాణ్ణి. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా చెల్లెలి మనవడు సంక్రాంతికి వచ్చి, కాలవ గట్టు మీద ఫోనుతో షార్ట్ ఫిల్ము తీశాడు. బాగానే ఉంది. సెకనుకి 24 ఫ్రేములే, అంటే 24 బొమ్మలే ఎందుకురా అని అడిగితే, "సెట్టింగ్స్‌లో అలాగే ఉంది తాతయ్యా" అన్నాడు.

అటక మీంచి ట్రంకుపెట్టె దింపించాను. తెగిన ప్రింట్ల ముక్కలు అందులో దాచుకున్నాను లెండి. ట్యూబులైటు కింద కన్నాలు లెక్కపెట్టమన్నాను. ఫ్రేముకి నాలుగు కన్నాలు, అడుగుకి 16 ఫ్రేములు. 24 ఫ్రేములంటే అడుగున్నర. మా ఆవిడ మల్లెపూలు కొనే మూర! మోచేతి నుంచి వేలి కొసదాకా ఫిల్ము పరుచుకుని "ఒక్క సెకనా ఇది!" అన్నాడు. నిమిషానికి 90 అడుగులని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. ఒకే షాటు 37 సార్లు తీశాడట మరి.

మూకీల రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవారు. వేగం కాస్త అటూ ఇటూ అయినా కన్ను సర్దుకునేది. చెవి అలా ఊరుకోదు, వేగం మారితే గొంతే మారిపోతుంది. అందుకే మాటలొచ్చాక 24 దగ్గర ఖాయం చేశారు. అంతకంటే పెంచితే ఫిల్ము ఖర్చు.

వాడికి బాగా నచ్చింది లూపు సంగతి. లూపంటే మెషీనులో ఫిల్మును వదులుగా వదిలే వంపు. గేటులో, అంటే వెలుగు ఫిల్ము గుండా పోయే కిటికీలో, బొమ్మ ఆగి ఆగి కదలాలి, శబ్దం మాత్రం ఆగకుండా సాగాలి. అందుకని శబ్దాన్ని గేటు దగ్గర కాకుండా, సుమారు 20 ఫ్రేముల దిగువన చదువుతారు. మధ్యలో కింది లూపు కొలత తప్పితే పెదవులొక దారి, మాటలొక దారి. నేల టిక్కెట్టు వాళ్ల ఈలలు క్యాబిన్‌లోకి వినబడేవి! ఫ్రేము జరిగేటప్పుడు షట్టరు రెక్క వెలుగుని ఆపుతుంది. ఆగి ఉన్నప్పుడూ ఇంకోసారి ఆపుతుంది, లేకపోతే తెర రెపరెపలాడుతుంది. అంటే రెండున్నర గంటల సినిమాలో గంటకు పైగా చూసేది చీకటే.

డిజిటల్ మీద నాకేం కోపం లేదు. రీళ్ల బాక్సులు మెట్లెక్కించి నా మోకాళ్లు పోయాయి.

నా బాధ వేరు. మా దగ్గర ఒక హాలు కల్యాణ మండపం అయినప్పుడు రెండు ప్రొజెక్టర్లూ పాత ఇనుము కింద కిలోల లెక్కన పోయాయి. అడిగి ఒక లెన్సు మాత్రం తెచ్చుకున్నాను. 1936లోనే నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ పెట్టిన ఊరు రాజమండ్రి. అక్కడి కాలేజీలో ఎక్కడైనా ఒక్క మెషీను పెట్టించండి. అద్దాల బీరువాలో వద్దు. పిల్లలు ఫిల్ము ఎక్కించి, తెగితే అతికించి, తిప్పేలా ఉండాలి.

మన గాలిలో తడి ఎక్కువ. నా పెట్టె తెరిస్తే ఇప్పటికే వెనిగర్ వాసన, ఫిల్ము పాడవుతోందన్నమాట. ఎవరైనా త్వరగా పూనుకుంటే లూపు వేయడం నేర్పడానికి నేనొస్తాను. బస్సు ఛార్జీ కూడా అడగను.

— ఒక రిటైర్డ్ సినిమా ఆపరేటర్, మండపేట