గుజ్జు కాదు బావా, గుత్సి!

మాందెల్లో దెల్ లారియో స్టేషను, ఇటలీ
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బావా,

ముందు నన్ను నాలుగు తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరానికి రెండు నెలల నుంచి జవాబు బాకీ. ఇక్కడందరం క్షేమం. అత్తయ్య పంపిన గోంగూర అయిపోయింది. మిగతా కబుర్లు ఫోనులో.

"పాత బండ్లేసుకుని ఒకచోట పోగై, అసలేం చేస్తారురా వాళ్లు?" అని అడిగావు కదా. ఇంజను చల్లారేదాకా ఎదురుచూస్తారు బావా! నవ్వకు. పూర్తిగా చెప్పనీ.

ముందు పలకడం నేర్చుకో. గుజ్జు కాదు, గుత్సి. నువ్వన్నప్పుడల్లా నాకు బంగినపల్లి గుర్తొస్తోంది. మోటో గుత్సి, ఇక్కడి మోటార్ సైకిళ్ల కంపెనీ. ఆ పాత బండ్లేసుకుని పోగయ్యే దాని అభిమానులే గుత్సిస్తి. ఫ్యాక్టరీ ఈ స్టేషను పక్కనే. 1921లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన దళంలో కలిసిన ముగ్గురు స్నేహితులు, యుద్ధం అయ్యాక మోటార్ సైకిళ్లు చేద్దామనుకున్నారు. కార్లో గుత్సి బండి గీయాలి, జార్జో పరోది డబ్బు తేవాలి, జొవాన్ని రవెల్లి పందేలు గెలవాలి. కంపెనీ పుట్టకముందే, 1919లో రవెల్లి విమాన ప్రమాదంలో పోయాడు. ట్యాంకు మీద రెక్కలు విప్పిన డేగ ఆయన గుర్తుకే. వందేళ్లు దాటినా ప్రతి ట్యాంకు మీదా ఆ మూడో స్నేహితుడు ఉన్నాడు చూడు... సరే, అసలు సంగతికొస్తా.

పొద్దున సరస్సు ఒడ్డున బార్ ముందు బండ్లు ఆగుతాయి. బార్ అంటే నువ్వనుకునేది కాదు, కాఫీ కొట్టు. చిన్న కప్పు, రెండు గుక్కలు, కౌంటర్ దగ్గర నిలబడే తాగాలి. కూర్చుంటే చాలాచోట్ల ధర పెరుగుతుంది. "ఓఫ్రో ఇయో", నేనిప్పిస్తా అని ఒకరి చేతిలో చిల్లర ఇంకొకరు తోసేస్తుంటారు, అచ్చం మన టీకొట్టు దగ్గరలాగే. మన నువ్వు, మీరు లాగే వీళ్లకీ తు, లేయి ఉన్నాయి. ఆఫీసులో లేయి. హెల్మెట్ తీశాక మాత్రం అందరూ తు. డెబ్భై దాటిన పెద్దాయననీ తు అనే పిలవాలి. మనకి నోరు రాదు. కానీ లేయి అన్నావంటే దూరం పెడుతున్నావనుకుని చిన్నబుచ్చుకుంటారు. నీ "గారు" ఇంట్లో వదిలేసి రా.

ఇవాళ ఒక 850 లె మాన్ వచ్చింది, గుత్సి బండే. 1976 రకం, ఎరుపు. ఎడమ హెడ్డులోంచి, అంటే ఆ పక్క సిలిండర్ మీది మూతలోంచి, టకటక. గుత్సికి సిలిండర్లు రెండూ వీ ఆకారంలో చెరో పక్కకీ మోకాళ్ల ముందు పొడుచుకుని ఉంటాయి. ట్యాంకు దించే పని లేదు, పక్కన పీట వేసుకుని కూర్చుంటే ట్యాపెట్లు, అంటే వాల్వులూ వాటిని నొక్కే రాకర్లూ కలిసే చోటు, చేతికందుతాయి. పదిమందీ చుట్టూ చేరారు. ఒక్కరూ పానా తీయలేదు! ఎందుకంటే అక్కడ రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఉండాల్సిన 0.22 మిల్లీమీటర్ల గ్యాప్ అనేది పూర్తిగా చల్లారిన ఇంజను లెక్క. వేడి మీద పెడితే కొలతే తప్పు. నాలుగు గంటలైనా ఆగాలి. బావా, ఆ నాలుగు గంటలే వీళ్ల సభ. బండి కోసం ఆగుతున్నామంటారు, మనిషి కోసం ఆగుతారు. బండి ఆగిన మనిషిని ఒంటరిగా వదిలి ఎవరూ కదలరు.

భోజనానికి పొలెంత. మన సంకటే అనుకో, మొక్కజొన్న రవ్వతో. ఒక పాలు రవ్వకి నాలుగు పాళ్లు నీళ్లు, ముప్పావుగంట కర్రతో తిప్పుతూనే ఉండాలి, ఆపితే అడుగంటుతుంది. దాని పక్కన మిస్సొల్తీని. సరస్సులో దొరికే అగోనె చేపని ఉప్పేసి, ఎండబెట్టి, బిర్యానీ ఆకులాంటి ఆకులతో డబ్బాలో వరసలుగా పేర్చి, పైన బరువు పెట్టి నొక్కుతారు. తినేముందు నిప్పుల మీద కాలుస్తారు. ఆ వాసనకి నాకు బందరు సంత కళ్లముందు కదిలింది. సంకటీ ఎండుచేపా, ఇంత దూరమొచ్చి! బిల్లు మాత్రం "అల్లా రొమానా", తలా సమానంగా. ఎవరెంత తిన్నారని లెక్క తీస్తే బాగోదు.

మూడింటికి చెయ్యి హెడ్డు మీద పెట్టి చూశారు. చల్లగా ఉంది. ఇక పని.

మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి, ప్లగ్గులు రెండూ తీసి, అయిదో గేరులో పెట్టారు. అప్పుడు వెనక చక్రం ముందుకి తిప్పితే ఇంజను తిరుగుతుంది. క్లచ్ హౌసింగుకి కుడిపక్కన రబ్బరు బిరడా ఉంటుంది. అది పీకితే లోపల ఫ్లైవీలు (ఇంజనుతో పాటు తిరిగే బరువు చక్రం) మీద గీతలు, ఒకదాని పక్కన డి, ఇంకోదాని పక్కన ఎస్ అక్షరం. దెస్త్రో అంటే కుడి, సినిస్త్రో అంటే ఎడమ. గీత కన్నం ఎదురుగా వస్తే ఆ పక్క పిస్టన్ పూర్తిగా పైకొచ్చినట్టు. ఒకరు చక్రం దగ్గర, ఒకరు టార్చితో కన్నం దగ్గర, ఒకరు ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చని రేకులు) పట్టుకుని, బండి ఆసామి హెడ్డు కవరు కింద గుడ్డ పెట్టి. కవరు తీయగానే లోపల మిగిలిన ఆయిల్ కారుతుంది, గుడ్డ మరిచావా ఎగ్జాస్ట్ పైపు మీద పొగే. "ఎస్ వచ్చింది, ఆపు!" అన్నా సరిపోదు. రాకర్లు రెండూ వదులుగా ఊగాలి. అక్కడే ఏదైనా రాకర్ బిగుసుకుని ఉంటే అది వేరే స్ట్రోకు, చక్రం ఇంకా తిప్పి మళ్లీ ఎస్ తేవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

ఇంకో తప్పు, గ్యాప్ సర్దే స్క్రూ కదలకుండా పట్టే లాక్ నట్టు దగ్గర. గ్యాప్ చక్కగా పెట్టి నట్టు బిగిస్తాం, దాంతోపాటు స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది, గ్యాప్ తగ్గిపోతుంది. అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. 0.20 రేకు సులువుగా దూరాలి, 0.25 దూరకూడదు. 0.22 రేకు లాగుతుంటే బరువైన పుస్తకం కిందనుంచి కాగితం లాగినంత పట్టు ఉండాలి. ఆ పట్టు ఎలా ఉందో చూడమని రేకుని చేతులు మార్చుకున్నారు బావా, ప్రసాదం పంచినట్టు. నిన్నగాక మొన్న బండి కొన్న కుర్రాడి దాకా వచ్చింది. పెద్దాయన వాడి వేళ్ల మీద తన వేళ్లు పెట్టి లాగించాడు. నోటితో చెప్పి నేర్పలేనిది వేళ్లతో నేర్పాడు.

గ్యాప్ ఎక్కువైతే మోత, అంతే. తక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. మోత మోగే ట్యాపెట్ మంచిది, మూగదాన్ని అనుమానించాలి. కవరు బోల్టులు మాత్రం ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. అల్యూమినియం మరలు, బలం చూపిస్తే ఊడొస్తాయి. నేనలా బలం చూపించి ఊడగొట్టిన మూడో నట్టు గుర్తుందా? అదే. అది ఎక్కడుందో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు, నేను చచ్చినా చెప్పను.

స్టార్ట్ చేశారు. టకటక పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ తలలు వంచి విన్నారు, అంతే.

సెప్టెంబర్లో ఫ్యాక్టరీ ఎర్ర గేటు తెరిచే పండగకి వస్తానన్నావు. ఆలస్యం చెయ్యకు. ఊరు చిన్నది, గదులు దొరకవు, పక్క ఊరు లెక్కోలో చూసుకో. రైల్లో పావుగంట కూడా పట్టదు. బయల్దేరేముందే మన ఆర్టీఓ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకో, వెయ్యి రూపాయలు, ఏడాది చెల్లుతుంది, గేర్ల బండి కూడా అందులో రాశారో లేదో చూసుకో. వైన్ జోలికి పోకు. నెత్తుట్లో లీటరుకి 0.5 గ్రాములు దాటితే పట్టుకుంటారు. వరసలో వెళ్లేటప్పుడు అద్దంలో నీ వెనకవాడు కనబడుతూ ఉండాలి, వాడి బాధ్యత నీది. అందరికంటే వెనక వచ్చేవాణ్ని స్కోపా అంటారు, అంటే చీపురు. వాడు తప్పిపోయినవాళ్లందరినీ ఊడ్చుకొస్తాడు. ఎదురొచ్చే బండికి ఎడమచేతి రెండు వేళ్లు. ఎవరైనా పక్కకి తప్పుకుని దారిస్తే కుడికాలు చాపు, అదే థాంక్స్. చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కదా మరి!

ఆఁ, ముఖ్యమైనది మరిచా. ఎవరో ఒకరు నిన్ను తమ బండి మీద కూర్చోమంటారు. నిలబడి ఉండగా యాక్సిలరేటర్ తిప్పితే బండి కుడికి వాలుతుంది. భయపడి వదిలేయకు, ఇంజనులో తిరిగే క్రాంకు బండి పొడవునా ఉంది గనక అలాగే గుంజుతుంది. కుడికాలు గట్టిగా ఆనించు. వెనక చక్రం తిప్పడానికి చైనుండదు, షాఫ్టే (ఇనప కడ్డీ). వెనక డబ్బాలో పావులీటరు ఆయిల్, గేర్‌బాక్సులో ముప్పావులీటరు, అది మార్చడం కూడా

రైలొచ్చేసింది. మిగతాది ఇంకో ఉత్తరంలో. అత్తయ్యకి గోంగూర సంగతి చెప్పు. ఇక్కడ వీడ్కోలుకి లైటు కొడతారు, "లాంప్స్" అంటారు. లాంప్స్ బావా!

నీ
మూడో నట్టు