చిన్నోడి కలల గురించి

కొలంబస్, ఒహాయో

నాన్నా,

నైట్ డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చాను. ఫోన్‌లో అయితే అమ్మ ఏడ్చేస్తుంది, మీరు "సర్లేమ్మా" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం.

ఆదివారం చిన్నోడు హాస్టల్ నుంచి మాట్లాడాడు. రోజూ ఒకటే కలట. పరీక్ష హాల్లో కూర్చుంటాడు, పేపర్ ఏ భాషలో ఉందో తెలీదు, పెన్ను కదలదు. మూడింటికి ఉలిక్కిపడి లేస్తున్నాడు. మళ్ళీ కళ్ళు మూయాలంటే భయంట. నాలుగున్నరకి ఎలాగూ బెల్లు. అమ్మ తాయెత్తు పంపిందట. కట్టుకోనీ, దానికేం. అక్కడితో మాత్రం ఆపొద్దు.

నేను పనిచేసేది స్లీప్ ల్యాబ్‌లోనే కదా, రాత్రంతా జనం తలలకి వైర్లు అంటించి చూస్తుంటాను. కలలొచ్చే నిద్ర తెల్లవారుజాము వైపే ఎక్కువ. వాడి వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి, దొరికేది ఐదు. తరచూ పీడకలలు వచ్చేవాళ్ళలో చచ్చిపోవాలన్న ఆలోచనలు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. డిప్రెషన్‌ని లెక్కలోంచి తీసేసినా ఆ సంబంధం చాలావాటిలో పోలేదు. కల వచ్చిన ప్రతివాడూ అలా చేస్తాడని కాదు నాన్నా. కానీ 2022లో మన దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు.

మీరు స్వయంగా వెళ్ళండి. వార్డెన్ ముందు కాదు, బయట టిఫిన్‌కి తీసుకెళ్ళి "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే కోప్పడకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే సైకియాట్రిస్ట్‌కి చూపించండి. 14416కి ఫోన్ చేయొచ్చు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు. కాదన్నా సరే, నిద్ర కోసం డాక్టర్‌ని కలవండి.

పీడకలకి వైద్యం ఉంది. పగలు కూర్చుని కల ముగింపు మార్చి రాసుకుని, రోజూ కాసేపు దాన్నే మనసులో తిప్పుకోవాలి. చెబితే నవ్వాడు. "అయితే పేపర్ లీకైందని రాస్తానక్కా" అన్నాడు.

ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ మూడు నెలలు ఇలాగే ఉన్నాను. నిద్ర పడుతోందా అని మీరు అడిగితే "ఊఁ" అన్నాను. వాడు "ఊఁ" అంటే నమ్మకండి.

ఫీజు కట్టేశాం కదా అని ఆలోచించొద్దు, అది నేను చూసుకుంటాను. శనివారం ఉదయం బస్సుకి టికెట్ తీశాను. హాస్టల్ దిండు పడట్లేదట, ఇంట్లో వాడిది పట్టుకెళ్ళండి.

మీ బుజ్జి